కొళాయి నీరు గడ్డకట్టు వేళ

కొళాయిని బిగించి కట్టవలెననియు, చుక్కనీరైనను వృథాగా పోనీయరాదనియు మన పెద్దలు మనకు చిన్ననాటనే బోధింతురు. వేసవి దినములలో వీథి కొళాయికడ బిందెలు బారులు తీరుటను ఎఱిగిన మనకు ఈ బోధ విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను ఈ నియమమును తలక్రిందు చేయవలసిన రాత్రులు కొన్ని దేశములందు వచ్చుచుండును. అట్టి రాత్రి కొళాయిని బిగించి నిద్రించినవాని ఇంట గొట్టము పగులవచ్చును. సన్నని ధారగా విడిచి నిద్రించినవాని ఇంట గొట్టము నిలువవచ్చును. ఇట్లేల జరుగునో, ఆ వేళ ఇంటి గొట్టములను, పెరటి కొళాయిలను ఎట్లు కాపాడుకొనవలయునో ఈ వ్యాసమునందు విచారింతము.

మంచు కురియని మన సీమలో ఈ పాఠమేల యని కొందఱడుగవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాసునందు, డాలసు, హ్యూస్టను, ఆస్టిను నగరముల పరిసరములలో, తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. మన విద్యార్థులలో కొందఱకు అచట అన్నయో, మేనమామయో, పినతల్లియో ఉండవచ్చును. అది శీతదేశము కాదు. హ్యూస్టను నగరము ఇంచుమించు ఢిల్లీ అక్షాంశమునను, డాలసు జమ్మూ అక్షాంశమునను ఉన్నవి. ఎండలకు పేరుపడిన ఆ రాష్ట్రమును చలి ఒక్కసారి ముట్టడించినపుడు ఏమి జరిగెనో తెలిసికొనిన యెడల ఈ పాఠము యొక్క అవసరము బోధపడును.

టెక్సాసు శీతోపద్రవము

2021వ సంవత్సరము ఫిబ్రవరి నెల నడుమ ఉత్తరధ్రువ ప్రాంతమునుండి దిగివచ్చిన శీతవాయువు టెక్సాసు రాష్ట్రమునంతటిని కప్పివేసెను. ఫిబ్రవరి 16వ తేదీ ఉదయమున డాలసు–ఫోర్టువర్తు విమానాశ్రయమునందు ఉష్ణమాపకము ఫారన్‌హీటు సున్నకు 2 డిగ్రీలు దిగువకు, అనగా సెంటిగ్రేడు సున్నకు ఇంచుమించు 19 డిగ్రీలు దిగువకు పడెను. 1949వ సంవత్సరము తరువాత అచట అంతటి చలి కలిగియుండలేదు. సముద్రమునకు దాపుననున్న హ్యూస్టనునందు సైతము సెంటిగ్రేడు సున్నకు 10 డిగ్రీలు దిగువ వఱకు చలి పట్టెను.

చలికి తోడు చీకటియు వచ్చెను. 15వ తేదీ వేకువకు ముందు, విద్యుచ్ఛక్తి చాలక, కొన్ని ప్రాంతములకు దానిని ఆపివేయవలసి వచ్చెను. 45 లక్షలకు పైగా గృహములు విద్యుత్తు లేక వేడిని కోల్పోయెను. వేడి లేని ఇండ్లలో గొట్టములు గడ్డకట్టెను, పగిలెను. పైకప్పులనుండి నీరు వర్షమువలె కురిసెను. ఊరి పెద్ద గొట్టములలో ఒత్తిడి తగ్గిపోగా, కోటికి మించిన జనులు నీటిని కాచి త్రాగవలసినవారో, నీరే లేనివారో అయిరి. ఈ ఉపద్రవములో 246 మంది మరణించిరని ఆ రాష్ట్ర ప్రభుత్వము లెక్కకట్టినది. కావున గొట్టమును కాపాడుకొనుట కేవలము కొంత ధనమును మిగుల్చుకొనుట గాదు. ఇంటివారి క్షేమమునకును, ఇరుగుపొరుగువారి నీటికిని సంబంధించిన పని.

నీటి స్వభావము

వస్తువులు సాధారణముగ వేడిచే వ్యాకోచించును, చల్లదనముచే సంకోచించును. నీరును 4 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు ఈ నియమమునకు లోబడియే చల్లబడును. అంతకంటె చల్లబడినచో సంకోచము మాని మరల వ్యాకోచింప మొదలిడును. గడ్డకట్టునపుడు దాని పరిమాణము ఒక్కసారిగా నూటికి 9 వంతులు పెరుగును. అనగా 100 ఘనసెంటిమీటర్ల నీరు ఇంచుమించు 109 ఘనసెంటిమీటర్ల మంచుగడ్డ యగును. మంచుగడ్డలో నీటి అణువులు ఒక క్రమమున అమరి, నడుమ ఖాళీలను విడుచుటయే దీనికి కారణము. మంచుగడ్డ నీటిపై తేలుటకును ఇదియే హేతువు.

ఈ వ్యాకోచబలమును మనుజులు చాలకాలము క్రిందటనే పరీక్షించి చూచిరి. 17వ శతాబ్దమున ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమునందలి విద్వత్పరిషత్తువారు లోహపు గుండ్లలో నీటిని నింపి, మూసి, గడ్డకట్టించి, అవి పగులుటను గాంచిరి. 1784–85వ సంవత్సరముల శీతకాలమున కెనడాలోని క్విబెకునందు ఎడ్వర్డు విలియమ్సు అను సైనికాధికారి ఇనుప ఫిరంగి గుండ్లలో నీరు పోసి, బిరడాలు బిగించి, చలిలో ఉంచెను. కొన్నిటి బిరడాలు వందల అడుగుల దూరమునకు ఎగిరిపడెను. కొన్ని గుండ్లు పగిలిపోయెను.

అమెరికా దేశపు ఇండ్ల గొట్టములలో నీటి ఒత్తిడి సాధారణముగ వాయుమండలపు ఒత్తిడికి నాలుగైదు రెట్లుండును. పూర్తిగా మూయబడిన పాత్రలో నీరు గడ్డకట్టుచు సున్నకు 22 డిగ్రీలు దిగువ వఱకు చల్లబడినచో, ఆ ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి ఇంచుమించు 2000 రెట్లకు చేరగలదు. రాగి గొట్టము గాని ఇనుప గొట్టము గాని దీనికి ఎట్లు నిలువగలదు?

గొట్టమెచ్చట పగులును?

మంచు గొట్టపు గోడలను లోపలినుండి త్రోయుటచేత, మంచు పుట్టిన చోటనే గొట్టము పగులునని పలువురు తలంతురు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు చేసిన పరీక్షలలో వేఱొక సంగతి వెల్లడియైనది. మొదట గొట్టములో ఒకచోట మంచు పుట్టి, బిరడావలె దారిని మూయును. తరువాత ఆ బిరడా గొట్టము పొడవున పెరుగుచు, చిమ్మనగ్రోవిలోని కాడవలె ముందున్న నీటిని నెట్టును. వీథివైపుననున్న నీరు వెనుకకు, ఊరి పెద్ద గొట్టములోనికి తొలగిపోగలదు. కాని బిరడాకును, బిగించిన కొళాయికిని నడుమ చిక్కుకొనిన నీటికి పోవుటకు త్రోవ లేదు. నీరు నొక్కినచో ఇమిడిపోవు పదార్థము కాదు. గనుక అచట ఒత్తిడి క్షణక్షణమునకు హెచ్చి, గొట్టములో బలహీనమైన భాగమెక్కడ నున్నదో అక్కడ పగులును. అచట మంచు తునకయైనను ఉండకపోవచ్చును.

ఇప్పుడు కొళాయిని కొంచెము విడిచియుంచుట యందలి మర్మము తేటపడుచున్నది. కారుచున్న నీరు వేడియైనదని గాదు మనము దానిని విడుచుట. చిక్కుకొనిన నీటికి త్రోవ నిచ్చి ఒత్తిడిని తగ్గించుటకే విడుచుచున్నాము. అదియునుగాక, భూగర్భమునందలి పెద్ద గొట్టములలోని నీరు బయటి గాలి కంటె వెచ్చగా నుండును. ధార సాగుచున్నంతసేపు ఆ వెచ్చదనము కొంత ఇంటి గొట్టములలోనికి వచ్చుచుండును.

మఱియొక విశేషము గమనింపదగినది. గొట్టము పగిలిన వెంటనే నీరు బయటికి రాకపోవచ్చును; మంచుబిరడాయే దానిని అడ్డగించియుండును. ఎండ వచ్చి మంచు కరగిన పిమ్మట ప్రవాహము మొదలగును. కావున చలి తగ్గినదని నిశ్చింతగా ఇల్లు విడిచి పోరాదు.

వెచ్చని దేశమునకే హెచ్చు నష్టమేల?

మిన్నెసోటా వంటి ఉత్తర రాష్ట్రములలో ఇంతకు మించిన చలి ఏటేట వచ్చును. అచటివారు నీటి గొట్టములను ఏడెనిమిది అడుగుల లోతున పాతుదురు. ఇంటిలో వెచ్చని లోపలి గోడల వెంబడి, నేలమాళిగలలో నడుపుదురు. టెక్సాసునందు పెక్కు ఇండ్లకు నేలమాళిగ లేదు. ఇల్లు నేలమీద పఱచిన కాంక్రీటు పలకపై నిలుచును. గొట్టములు పలుచోట్ల వేడి సోకని అటకలమీదుగను, బయటి గోడలలోనుగను పోవును. వెచ్చని కాలమును మనసున నుంచుకొని కట్టిన ఇల్లు చలికి లోబడుట సహజమే. బయటి గాలి 20 డిగ్రీల ఫారన్‌హీటునకు, అనగా సెంటిగ్రేడు సున్నకు 7 డిగ్రీలు దిగువకు పడినపుడు ఇట్టి రక్షణలేని అటకలలోని గొట్టములకు అపాయము మొదలగునని పైని చెప్పిన పరీక్షలవలన తేలినది.

చలి యెంత తీవ్రమో అనుటతో పాటు ఎంతసేపు నిలుచునో అనియు చూడవలెను. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కెలోరి వేడిని తీయవలెను. సున్న డిగ్రీలనున్న అదే గ్రాము నీటిని గడ్డకట్టించుటకు 80 కెలోరీల వేడిని తీయవలెను. కావున నీరు తొందరగా గడ్డకట్టదు. మన ఏజెన్సీలోని లంబసింగి గ్రామమునందును సున్నకు చేరువగా చలి పట్టు ఉదయములు కలవు. కాని కొన్ని గంటలలో సూర్యుడు పైకి వచ్చి నేలను వేడి చేయును. డాలసునందో, ఐదు దినములకు పైగా గాలి ఘనీభవన స్థానమునకు ఎగువకు రాలేదు. ఆ దీర్ఘకాలమే గొట్టములను కూల్చినది.

పెరటి కొళాయిల రక్షణ

గోడ వెలుపలనుండు కొళాయికి చలి అన్ని ప్రక్కలనుండి తగులును. కావున దానిని ముందుగ చూచుకొనవలెను. చలి రానున్నదని వాతావరణ శాఖవారు ప్రకటించిన నాడే, పగటివేళ, ఈ పనులు ముగింపవలెను.

మొదట, తోటకు నీరు పెట్టు రబ్బరు గొట్టమును కొళాయినుండి విప్పి, అందలి నీరు ఒలికించి, లోపల దాచవలెను. అది తగిలియున్నంతసేపు కొళాయిలోని నీరు బయటికి జారదు. రెండవది, ఆ కొళాయికి పోవు నీటిని ఆపుటకు ఇంటిలోపల కవాటమున్నచో దానిని మూసి, తరువాత బయటి కొళాయిని తెఱచి, మిగిలిన నీటిని కార్చివేసి, తెఱచియే యుంచవలెను. నీరు లేని గొట్టమునకు మంచు భయము లేదు. మూడవది, కొళాయికి నురుగు పదార్థముతో చేసిన తొడుగు తగిలింపవలెను. అది దొరకనిచో పొడి గుడ్డలను దళసరిగా చుట్టి, వానపైన నీరు చొరని ప్లాస్టికు సంచి తొడిగి, త్రాటితో బిగింపవలెను. తడిసిన గుడ్డ చలిని ఆపజాలదు.

కొన్ని ఇండ్లకు మంచును తట్టుకొను ప్రత్యేకమైన కొళాయిలుండును. వాని పిడి గోడ బయటనుండినను, నీటిని ఆపు భాగము పొడవైన కాడ చివర, గోడ లోపలి వెచ్చని చోట నుండును. కట్టినపుడు బయటి భాగమున మిగిలిన నీరు దానంతట జారిపోవును. ఇట్టి కొళాయికి రబ్బరు గొట్టమును తగిలించియే విడిచినచో నీరు జారక లోపల నిలిచి, గోడలోపలనే గొట్టమును పగులగొట్టును.

ఇంటిలోపల చేయవలసిన పనులు

అటకపైని గొట్టములకు, బయటి గోడల వెంబడి పోవు గొట్టములకు నురుగు తొడుగులు వేయవలెను. మూలలను, అతుకులను విడువరాదు. అయితే ఈ తొడుగు వేడిని పుట్టించునది కాదు. ఉన్న వేడి త్వరగా పోకుండ ఆలస్యము చేయునది మాత్రమే. కంబళి కప్పుకొనిన మనుజునకు తన శరీరమే వేడినిచ్చును. గొట్టమునకట్టి శరీరోష్ణము లేదు. కావున దీర్ఘమైన చలిలో తొడుగునొక్కదానినే నమ్మియుండరాదు.

గొట్టములు గోడలోనికి చొచ్చు రంధ్రములను మూయవలెను. సన్నని సందునుండి వీచు గాలి గొట్టమును త్వరగా చల్లార్చును. వంటయింటి తొట్టిక్రింది అలమర తలుపులను తెఱచియుంచినచో గదిలోని వెచ్చని గాలి గొట్టములకు సోకును. పసిపిల్లలున్న ఇండ్లలో ముందుగా అచటనుండు సబ్బులను, మందులను తీసివేయవలెను. ఊరికి పోవువారు సైతము ఇంటి వేడిని 13 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గకుండ నిలుపవలెను.

తరువాత, నీరు ఇంటిలోనికి వచ్చు చోటికి మిక్కిలి దూరముననున్న కొళాయిని, బయటి గోడను అంటియున్న కొళాయిలను, వేడినీటివైపునను చన్నీటివైపునను సన్నగా కారునట్లు విడువవలెను. దారమువంటి ధార చాలును. క్రింద బక్కెట్టు పెట్టి ఆ నీటిని పట్టుకొనినచో అది వృథాయును గాదు.

ఊరికి నీరు చాలనపుడు

ఇచట ఒక చిక్కు కలదు. ఒక్కొక్క ఇంట సన్నని ధారయే యైనను, లక్షల ఇండ్లలో కలిసినచో అది ఏరగును. పగిలిన గొట్టములనుండి పోవు నీరును దానికి తోడగును. 2021వ సంవత్సరపు ఉపద్రవములో హ్యూస్టను నగరమున నీటి ఒత్తిడి తగ్గిపోగా, గొట్టములను కాపాడుకొనుటకై కొళాయిలను కారవిడువవలదని నగరాధికారులు ప్రజలను కోరిరి. వైద్యశాలలకును, మంటలార్పువారికిని నీరు చాలవలెను గదా!

అట్టి వేళ గృహస్థుడేమి చేయవలెను? ధార విడుచుట ఒత్తిడిని తగ్గించుటకే యని ఎఱిగినవానికి ఉపాయము వెంటనే తోచును. గొట్టములో నీరే లేకున్నచో ఒత్తిడియు లేదు. ఇంటికి వచ్చు నీటి పెద్ద కవాటమును మూసి, నీటిని కాచు యంత్రమును ముందుగా ఆర్పి, ఇంటిలో ఎత్తుననున్న కొళాయిలను, పల్లముననున్న కొళాయిలను తెఱచి గొట్టములను ఖాళీ చేయవలెను. త్రాగుటకును వంటకును వలసిన నీటిని అంతకుముందే పాత్రలలో పట్టి యుంచుకొనవలెను. విద్యుత్తు చాలకాలము రానపుడును, ఇల్లు విడిచి పోవునపుడును ఇదియే మేలైన పద్ధతి.

పెద్ద కవాటము పెక్కు ఇండ్లకు వీథి ప్రక్కన మీటరు పెట్టెకడనో, గోడకడనో ఉండును. అర్ధరాత్రి పైకప్పునుండి నీరు కారుచుండగా దానిని వెదకబోవుట దుస్సాధ్యము. ఇంటిలోని పెద్దలు, పెరిగిన పిల్లలు దాని తావును ముందే చూచి, త్రిప్పుట నేర్చియుండవలెను.

గడ్డకట్టిన పిమ్మట

కొళాయిని త్రిప్పినను నీరు రానిచో గొట్టము గడ్డకట్టినదని ఊహింపవచ్చును. అపుడు కొళాయిని తెఱచియుంచి, కొళాయివైపునుండి మొదలిడి క్రమక్రమముగ లోపలివైపునకు వేడి సోకింపవలెను. కరగిన నీరు తెఱచిన కొళాయిగుండ పోవును. వెచ్చని నీటిలో తడిపి పిండిన తువాళ్లు గాని, నీరు లేని పొడి చోట జుట్టు నారబెట్టు విద్యుత్పరికరము గాని చాలును. మంటను గొట్టమునకు తగిలింపరాదు. దానివలన గోడలోని కొయ్య అంటుకొనును. గొట్టములో ఆవిరి పుట్టి అపాయము కలుగును. గొట్టము పగిలినట్లు కనబడినచో, మొట్టమొదట పెద్ద కవాటమును మూయవలెను. తక్కిన పనులన్నియు దాని తరువాతనే.

మఱియొక హెచ్చరిక కలదు. టెక్సాసు చలిలో కొందఱు వేడి కొఱకు ఇంటిలోపల జనరేటర్లను, బొగ్గు పొయ్యిలను పెట్టిరి. కొందఱు మూసిన కారు కొట్టములలో కార్లను నడిపిరి. వానినుండి వెలువడు కార్బను మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దానిని పీల్చి కొందఱు నిద్రలోనే ప్రాణములు కోల్పోయిరి. గొట్టము పగిలినచో మరల వేయించుకొనవచ్చును. ప్రాణమును మరల తెచ్చుకొనలేము.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

శీతలపేటిక యున్న ఇంట ఈ పరీక్షను పెద్దల అనుమతితో చేయవచ్చును. గాజు పాత్రలను మాత్రము వాడరాదు. ప్రక్కలు నిటారుగానున్న ప్లాస్టికు పాత్రలో 10 సెంటిమీటర్ల ఎత్తున నీరు పోసి, గీత గీచి, ఒక రాత్రి గడ్డకట్టింపుడు. ఉదయమున మంచు గీతను దాటి ఇంచుమించు ఒక సెంటిమీటరు పెరిగియుండును. తరువాత రెండు పలుచని ప్లాస్టికు సీసాలలో అంచువఱకు నీరు పోసి, ఒకదానికి మూత బిగించి, రెండవదానిని మూత లేక నిలువుగ ఉంచుడు. మూత బిగించినది ఉబ్బి, అడుగు చదును తప్పును. మూత లేనిదానిలో మంచు మెడనుండి పైకి పొడుచుకొని వచ్చును. మొదటిది బిగించిన కొళాయి. రెండవది విడిచిన కొళాయి.

ముగింపు

నీటిని వృథా చేయరాదను బోధయు, చలిరాత్రి ధార విడువవలెనను బోధయు ఒకదానికొకటి విరుద్ధములు గావు. నీటిని, ఇంటిని, ఊరిని కాపాడుటయే రెండింటి ఉద్దేశము. కారణము తెలియనివాడు ఒక నియమమునే పట్టుకొని మార్పు వచ్చినపుడు చిక్కుపడును. కారణమెఱిగినవాడు ఎపుడు బిగింపవలెనో, ఎపుడు విడువవలెనో, ఎపుడు నీటిని పూర్తిగ ఆపవలెనో తానే నిర్ణయించుకొనును. మన ఊళ్లలో గొట్టములు చలికి పగులవు గాని తుప్పునకు, ఎండకు, బండ్ల బరువునకు పగులుచునే యుండును. కావున ప్రతి విద్యార్థియు నేటి సాయంకాలము తన ఇంటి పెద్ద కవాటమెచ్చటనున్నదో చూచి, అది సులభముగ తిరుగునో లేదో పెద్దలతో కలిసి పరీక్షింపవలెను. శీతదేశమున బంధువులున్నవారు ఈ సంగతులను శీతకాలమునకు ముందే వారికి తెలుపుట మంచిది.

ప్రశ్నలు

1. మంచుగడ్డ నీటిపై ఏల తేలును?
2. గొట్టము మంచు లేని చోట సైతము పగులుటకు కారణమేమి?
3. పెరటి కొళాయినుండి రబ్బరు గొట్టమును విప్పవలెననుట ఎందులకు?
4. నగరాధికారులు ధార విడువవలదని కోరినపుడు గృహస్థుడు తన గొట్టములను ఎట్లు కాపాడుకొనవలెను?
5. మీ ఇంటి పెద్ద కవాటమున్న చోటును చూపు పటమును గీయుము.